పక్షవాతం వచ్చిన మా అత్తయ్య నోరు: నా అనుభవం

మా అత్తయ్యకి పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. బొబ్బిలి నుంచి 108లో తీసుకెళ్లడం, స్కానింగు, మందులు అన్నీ వేగంగానే జరిగాయి. వైకల్యం ఉందని ఇచ్చే సదరం సర్టిఫికెట్టు కోసం మావారు తిరిగారు. నన్ను ఏడిపించింది మాత్రం నోరు.

డిశ్చార్జి కాగితంలో బీపీ మాత్రలున్నాయి, ఫిజియోథెరపీ ఉంది, ఉప్పు తగ్గించమనీ ఉంది. నోటి గురించి ఒక్క ముక్క లేదు. రోజూ పొద్దున్నే నేనే పళ్లు తోమేదాన్ని. అయినా కొన్నాళ్లకి వాసన మొదలైంది, అన్నం వద్దనేది.

విజయనగరంలో ఒక పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. క్లినిక్కు మేడ మీద, లిఫ్టు లేదు. మావారు, మా మరిది కుర్చీతో సహా మోశారు. లోపల కూర్చున్నవాళ్లు ముక్కుకి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అక్కడ పనిచేసే అమ్మాయి అందరి ముందూ "కోడలివేనా? ఇన్నాళ్లూ ముసిలావిడ నోరు కడగలేదేటి?" అంది. మంచం మీద ఆవిడకి అన్నీ ఎత్తిన చేతులు నావి. అత్తయ్యకి మాట ముద్దగా వస్తుంది గానీ అన్నీ అర్థమవుతాయి. ఆవిడ కళ్లమ్మట నీళ్లు కారాయి. ఆ అమ్మాయిని నేను క్షమించలేదు, క్షమించను కూడా. రోగిని తెచ్చినవాళ్లని నలుగురిలో నిలదీసే హక్కు ఎవరికీ లేదు.

డాక్టరు మాత్రం మర్యాదస్తుడు. ఎడమ బుగ్గ పక్కకి లాగి, లైటు వేసి నాకు చూపించారు. చిగురుకీ బుగ్గకీ మధ్య నానిపోయిన అన్నం, సగం కరిగిన మాత్ర. పడిపోయిన వైపు స్పర్శ సరిగ్గా తెలీదు, నాలుక అక్కడి మెతుకుల్ని తోసెయ్యలేదు. మింగడం కష్టమైన మనిషికి ఆ కుళ్లు ఊపిరితిత్తుల్లోకి జారితే నిమోనియా వస్తుందని చెప్పారు. ఇంత ముఖ్యమైన సంగతి ఆసుపత్రిలో ఒక్కరూ చెప్పలేదంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఇప్పుడు తిన్న ప్రతిసారీ నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచమని, తడి గుడ్డ చుట్టిన వేలితో ఎడమ బుగ్గంతా తుడుస్తాను. కొరికే అలవాటున్నవాళ్లకి వేలు పెట్టకండి, మెత్తని బ్రష్షే వాడండి. చిన్నపిల్లల బ్రష్ అయితే లోపలిదాకా పోతుంది. పేస్టు చాలా కొంచెం. పొలమారేవాళ్లని నీళ్లు పుక్కిలించమనకండి, తడి గుడ్డతో తుడిచెయ్యండి. కట్టుడు పళ్లుంటే రాత్రి తీసి, కడిగి, నీళ్లలో వెయ్యాలి. తిన్నాక అరగంట పడుకోనివ్వను.

చూడ్డానికొచ్చిన చుట్టాలు "ఈ వయసులో పళ్లెందుకులే" అన్నారు. వాళ్లని తలుచుకుంటే కోపమొస్తుంది. పళ్లు లేకపోయినా నోరుంటుంది కదా, ముద్ద దిగాల్సింది అందులోంచే కదా!

వాసన పోయింది. అత్తయ్య మళ్లీ ఆకలంటోంది. కుడి చెయ్యి బాగానే ఉంది కాబట్టి, బ్రష్ పిడికి గుడ్డ లావుగా చుట్టి ఇస్తే తనే తోముకుంటోంది. ఎడమ వైపు మాత్రం ఆవిడకి గుర్తుండదు, అక్కడ నేనే తోముతాను.