ఎర్రగీత మీద ముల్లు

"మీ ఊళ్లో ఒక్కడికీ రికార్డింగ్ రాదా? మీటరు ముల్లు ఎర్రలోంచి కిందికి దిగదేం?" పాత క్యాసెట్లని కంప్యూటర్లోకి ఎక్కిస్తుంటే మస్కట్ స్టూడియోలో సూపర్వైజరు అన్న మాట. క్యాసెట్ డెక్కులో తిరుగుతున్నది రాజోలు వైపు నవమి పందిట్లో మైక్‌సెట్టాయన ఎక్కించిన హరికథ. ఏసీ గదిలో దాచిన టేపులే చూసినవాడికి కోనసీమ పందిరి ఏం తెలుస్తుంది?

క్యాసెట్ టేపు సెకనుకి 4.76 సెంటీమీటర్లే నడుస్తుంది, వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు కూడా ఉండదు. అందుకే వెనక బుస్సుమనే చప్పుడు, అదే బుస, ఎక్కువ. లెవెల్ తగ్గించి ఎక్కిస్తే దాసుగారు గొంతు దించినచోట బుసే మిగులుతుంది. ముల్లు ఎర్రగీతని తాకాలన్నది అందుకే. ఎక్కువైనా టేపు మీద శబ్దం మెల్లగా నలుగుతుంది. గొంతు కాస్త బొంగురుపోతుంది గానీ తెగదు. అది తెలిసి చేసిన పనండీ, తెలియక కాదు.

ఆ అలవాటు కంప్యూటర్ దగ్గర మాత్రం చేటు. అక్కడ మీటరు పై అంచు సున్నా డెసిబెల్, అది దాటాక అంకే లేదు. కుంచం అంచున చెయ్యి పెట్టి రాసేసినట్టు పైదంతా పోతుంది. చిడత దెబ్బకల్లా టిక్కుమంటుంది, తర్వాత వాల్యూమ్ తగ్గించినా పోయింది రాదు. క్యాసెట్లో బుసకీ పెద్ద మోతకీ మధ్య 50-60 డెసిబెళ్లే. శబ్దాన్ని అంకెలుగా మార్చే 24 బిట్ల కన్వర్టరు, మంచిదైతే, 110 దాకా పట్టుకుంటుంది. పైన 12 డెసిబెళ్లు ఖాళీగా వదిలినా నష్టం లేదు.

ముందు బూజు చూడాలి. తెల్లగా పట్టిన టేపుని మంచి డెక్కులో పెడితే టేపుని చదివే హెడ్‌కి అంటి, పక్క క్యాసెట్‌కీ పాకుతుంది. పాత మెషీన్లో తిప్పి దులిపి, హెడ్‌ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. తర్వాత హెడ్ వాలు సరిచేసే పక్క స్క్రూ. మోనోలో వింటూ చిడతలు ఖంగుమనేదాకా వెంట్రుకవాసి తిప్పడమే. ఇది చెయ్యకపోతే ఎంత ఖరీదైన కన్వర్టరూ దండగే.

డెక్ లైన్ అవుట్ నుంచి ఇంటర్‌ఫేస్ (కన్వర్టరు ఉండే పెట్టె) లైన్ ఇన్‌కే వైరు పెట్టాలి. మైక్ జాక్‌లో గుచ్చితే శబ్దం కన్వర్టరుకి చేరకముందే చిరుగుతుంది. తర్వాత లెవెల్ తగ్గించుకుంటే మీటరు పచ్చగానే ఉంటుంది, అదే మోసం. లెవెల్‌ని దానంతటదే పెంచి తగ్గించే ఆటో గెయిన్ ఆపేయాలి. గుర్రుమంటే ల్యాప్‌టాప్ ఛార్జర్ పీకి చూడండి. అన్నిటికన్నా గట్టిగా ఉండేది జనం గోవింద కొట్టే చోటు. దాన్ని ముందు వినిపించి, మైనస్ 12 డెసిబెళ్లు దాటకుండా పెట్టుకోవాలి. సెకనుకి ఎన్నిసార్లు శబ్దాన్ని కొలవాలన్న లెక్క, శాంపిల్ రేటు, 48 కిలోహెర్ట్జ్ చాలు. 96 పెడితే ఫైలే లావెక్కుతుంది.

బుస మొత్తం తీసేయమంటాడు సూపర్వైజరు. మరీ తీస్తే చిడతల మొనలు పోయి గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంటుంది. తుడవని 24 బిట్ల ఫైలు విడిగా ఉంచి, కాపీ మీదే ఆ పని చెయ్యాలి. 16 బిట్లకి దించడం అన్నిటికన్నా చివర, డిథర్ (బిట్లు తగ్గించేటప్పుడు కలిపే సన్నటి బుస) వేసి, ఒక్కసారే.