ఎక్కువగా చదివిన తప్పు

“మీరు దాన్ని చదవలేదు, చదువుతున్నాననుకుంటూ రాసేశారు” అని మా బృందనాయకురాలు నలుగురి ముందు అన్న మాట వారం గడిచినా చెవుల్లోంచి పోవడం లేదు. పరాయి భాషలో తిన్న చీవాట్లకు అక్కడికక్కడ జవాబు తట్టదు. గదికి చేరాక మన భాషలో ఎన్నో తడతాయి.

నేను పనిచేసేది బాక్టీరియోరొడాప్సిన్‌తో. ఉప్పు మడుగుల్లో బతికే హాలోబాక్టీరియం పొరలోని ఈ ఊదారంగు ప్రోటీన్‌ను 1971లో ఓస్టర్‌హెల్ట్, స్టోకీనియస్ వెల్లడించారు. (పేరు అలా ఉన్నా, ఆ జీవి నిజానికి బాక్టీరియా కాదు, ఆర్కియా అనే వేరే సూక్ష్మజీవుల తెగది.) సుమారు 570 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న కాంతి తగిలితే ఇది వరుసగా రంగులు మార్చుకుంటూ కొన్ని మిల్లీసెకన్లలో మొదటికి వస్తుంది, అంటే, జరిగినదాన్ని మరచిపోతుంది. ఆ వరుస చివర వచ్చే ‘ఓ’ అనే స్థితిలో ఉండగా ఎర్ర లేజర్ తగిలిస్తే మాత్రం దారి మళ్లి, ‘క్యూ’ అనే స్థితికి చేరి ఏళ్ల తరబడి అక్కడే నిలుస్తుంది. అమెరికాలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయంలో శాస్త్రవేత్త రాబర్ట్ బర్జ్ ఘనాకారపు మెమరీకి ఆధారం చేసుకున్నది ఈ పక్కదారినే: మారనిది 0, మారినది 1.

చిక్కేమిటంటే, చదవడానికీ ఆ ఎర్ర కాంతే కావాలి. తీవ్రత బాగా తగ్గించి పంపితే, ‘ఓ’ స్థితిలో ఉన్నవి, అంటే సున్నాలు, దాన్ని పీల్చుకుంటాయి, ‘క్యూ’లో ఉన్నవి వదిలేస్తాయి; ఆ తేడాయే అక్షరం. అయితే పీల్చుకున్నవాటిలో ఏ కొన్నో ప్రతిసారీ పక్కదారి పడుతూనే ఉంటాయి. నేను ఒకే పుటను, అంటే ఘనంలోని ఒక పొరను, రాత్రంతా వేలసార్లు చదివించాను. తెల్లారేసరికి సున్నాలు ఒకట్ల వైపు జరిగిపోయి, ఏది ఏదో తెలియకుండా పోయింది.

ఒక్కసారి కొలిచినది కొలత కాదని నేర్పిన ప్రయోగశాల నుంచి వచ్చినవాణ్ణి. అక్కడ పరికరం పాతది కాబట్టి, అనుమానించడమే మా చదువులో సగం. ఇక్కడివారు ఒకసారి చదివి, నమ్మి, లేచి వెళ్లిపోవడం చూస్తే, ఆ ధీమా తెలివిది కాదు, కొత్త పరికరాలదని మొదట కోపంగా అనుకున్నాను. నిజానికి, ఎన్నిసార్లు చదవవచ్చో అడగడానికి నేనే మొహమాటపడ్డాను. అడిగితే తెలియదన్న సంగతి బయటపడుతుందని. ఆమె తప్పుపట్టింది కొలవడాన్ని కాదు, అడగకపోవడాన్నే. అయినా నలుగురి ముందు అనవలసిన పని లేదనే ఇప్పటికీ అంటాను.

మర్నాడు నీలి కాంతితో ఘనాన్ని తుడిచాను. ‘క్యూ’లో చిక్కుకున్నవి తిరిగి ఊదారంగులోకి వచ్చాయి. మళ్లీ రాసి, ఒకసారి చదివాను. ఆమె గది తలుపు వంక ఒకసారి చూసి, ఇంకొకసారి చదివి, నోట్‌బుక్‌లో ‘చదివినది: 2 సార్లు’ అని రాశాను.