పెదతాత నంబరు

ఆదివారం నాన్నతో చెన్నై నందంబాక్కంలోని యుద్ధ సమాధుల తోటకి వెళ్లాను. దక్షిణ, తూర్పు భారతంలో చూసుకునే దిక్కులేని చోట్ల ఉన్న రెండో ప్రపంచ యుద్ధ సైనికుల సమాధులను ఇక్కడికి చేర్చడానికి 1952లో దీన్ని ఏర్పాటు చేశారు. 850కి పైగా ఉన్నాయి. నాన్న రాయి రాయి దగ్గరా ఆగి పేర్లు పైకి చదివారు.

మా పెదతాత ఆ యుద్ధం నుంచి ప్రాణాలతో తిరిగొచ్చి, ఊళ్లోనే పోయారు. ఒంగోలు దగ్గర మా ఊరి చర్చి వెనక, తుమ్మచెట్ల మధ్య సమాధి. పేరు అరిగిపోయింది. పోయిన నెల ఉత్త నీళ్లు పోసి మెత్తటి బ్రష్‌తో తుడిచాం. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు అంకెలు తేలాయి. సర్వీసు నంబరు! పెట్టెలోని పెన్షన్ పుస్తకంతో సరిపోయింది. "ఈయనే రా" అని నాన్న ఏడ్చేశారు.

పక్కన ఇంకో మూడు రాళ్లున్నాయి. క్రిస్మస్‌కి వెళ్లి వాటినీ తుడవాలి.