కుట్టిన గుడ్డనే మళ్ళీ కోసిన రోజు

బొంత కోసం తొమ్మిది గుడ్డ చదరాలను మూడేసి చొప్పున మూడు వరుసలుగా కలిపి కుట్టి, అతుకులన్నీ చక్కగా కుదిరిన ఆ ముక్కను మళ్ళీ నడిమికి కోయవలసి వచ్చినప్పుడు నాకు చాలాసేపు చేయి రాలేదు. 5 అంగుళాల చదరాలు మూడు వరుసగా కుట్టినప్పుడు, రెండు కుట్లలో అర అంగుళం చొప్పున పోయి 14 అంగుళాలు మిగిలింది. దానిని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కోస్తే 7 అంగుళాల ముక్కలు నాలుగు వచ్చాయి. ప్రతి ముక్కలోనూ ఒక మూలన పెద్ద చదరం, దానికి ఎదురు మూలన నడిమి ఎర్ర గుడ్డలోని పావు వంతు, తక్కిన రెండు మూలల్లో సన్నని పట్టీలు ఉన్నాయి.

ఐమూలగా ఉన్న రెండు ముక్కలను తలకిందులుగా తిప్పి పెట్టగానే, ఎర్ర పావులు రెండు బయటి మూలలకు జరిగి, ఎంతో ఓపికగా ఒక్కొక్క ముక్కా కోసి అతికినట్టున్న కొత్త అల్లిక కనిపించింది. ఆ క్షణం నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. అంతకన్నా మేలైన సంగతి మరొకటి ఉంది: ఇలా తిప్పాక పక్కపక్క ముక్కల పాత కుట్లు ఒకదానికొకటి ఎదురుపడవు కనుక, సరిగ్గా కలపవలసినది నట్టనడుమ ఒక్కచోటే. నడిమి చదరానికి ముదురు రంగే ఎంచుకోవాలని నాకు గట్టిగా అనిపించింది, ఎందుకంటే కోసిన తరువాత చెల్లాచెదురయ్యేది అదే. రేపు అదే కొలతతో రెండవది మొదలుపెడుతున్నాను.