కండ పట్టిన గుండె

మా నాన్నగారి టూడీ ఎకో (గుండె స్కానింగు) రిపోర్టులో ఎడమ జఠరిక, అంటే ఒళ్లంతటికీ రక్తాన్ని పంపే గుండె గది, గోడ మందం 13 మిల్లీమీటర్లని వచ్చింది. మగవాళ్లకి 10 దాటకూడదు. బీపీ వల్ల గుండె కండరం లావెక్కిందని డాక్టరు గారు చెబితే, "అయితే మంచిదే కదండీ, కండ పట్టిందన్నమాట" అన్నారు నాన్నగారు. రాజోలు దగ్గర కొబ్బరి తోటల్లో పుట్టి పెరిగిన మనిషి. దింపు తీసేవాళ్ల భుజాలు చూసిన కళ్లకి అలా అనిపించడం సహజం. ఇంటర్ పిల్లలకి జువాలజీ చెప్పే నేను ఆయనకీ ఇది విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

పుట్టిన కొత్తలో తప్ప గుండె కండర కణాలు దాదాపుగా విభజన చెందవు. పాతికేళ్ల వయసులో కూడా ఏడాదికి కొత్తగా వచ్చేవి ఒక శాతమే. బీపీ పెరిగితే గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఆ ఒత్తిడిని దాటించి రక్తాన్ని మహాధమని అనే పెద్ద రక్తనాళంలోకి నెట్టాలి. సాయానికి కొత్త కణాలు రావు కాబట్టి ఉన్నవే లావవుతాయి. కణం లోపల సంకోచించే సార్కోమియర్లనే చిన్న భాగాలు పక్కపక్కనే పేరుకుని కణం వెడల్పవుతుంది. అదే వాల్వు లీకై రక్తం ఎక్కువగా నిండే గుండెలోనైతే అవి ఒకదాని చివర ఒకటి చేరి కణం పొడుగవుతుంది. మీద పడే భారం ఎలాంటిదో కణానికి తెలిసిపోతుంది! ఎన్నేళ్లుగా పాఠం చెబుతున్నా ఇక్కడికొచ్చేసరికి నాకు ఆశ్చర్యమే. గోడ మందమైతే అదే ఒత్తిడిని ఎక్కువ కండ పంచుకుంటుంది. అంతవరకూ మేలే.

కానీ కణం లావైనంతగా చుట్టూ సన్నటి రక్తనాళాలు పెరగవు. ఆక్సిజన్ కణం నడిమికి చేరడం కష్టమవుతుంది. ఎక్కువగా కొవ్వుని మండించుకునే కణం గ్లూకోజ్ వైపు మళ్లుతుంది. కడుపులో బిడ్డ గుండెలో పనిచేసి తర్వాత సద్దుమణిగిన జన్యువులు కొన్ని మళ్లీ లేస్తాయి. కణాల మధ్య కొల్లాజెన్ అనే పీచులాంటి ప్రొటీన్ పేరుకుని గోడ బిరుసెక్కుతుంది. అలాంటి గోడ గట్టిగా నొక్కగలదు గానీ తేలిగ్గా వదులవ్వలేదు. వదులైతేనే కదా రక్తం నిండేది! మేడ మెట్లెక్కితే నాన్నగారికి ఆయాసం ఇందుకేనట.

బీపీ నార్మల్‌కి రాగానే మాత్ర మానేయడం ఆయనకి అలవాటు. ఆయన వేసుకునేది లోసార్టాన్. కండరాన్ని లావెక్కించే సంకేతాల్లో ఆంజియోటెన్సిన్-2 ఒకటి, దాన్ని ఈ మందు అడ్డుకుంటుంది. 2002లో వెలువడిన 'లైఫ్' అధ్యయనంలో 9 వేల మందికి పైగా రోగుల్ని చూశారు. అటెనొలాల్ అనే మరో బీపీ మందుతోనూ లోసార్టాన్‌తోనూ బీపీ దాదాపు ఒకేలా తగ్గినా, గుండె మందం లోసార్టాన్‌తోనే ఎక్కువ తగ్గింది, పక్షవాతాలూ తగ్గాయి. అంటే లావెక్కిన కణం మళ్లీ సన్నబడగలదు, కాకపోతే నెలలూ ఏళ్లూ పడుతుంది. మధ్యలో మానేస్తే ఎలా?

ఈ మాటతో మాత్ర విషయంలో దారికొచ్చారు. ఉప్పు దగ్గరే ఇంకా పేచీ. రోజుకి 5 గ్రాముల లోపే వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే చెంచాడు. మా ఇంట్లో ఆవకాయ, మజ్జిగ మిరపకాయలు, ఎండుచేపల పులుసు కలిస్తే ఆ చెంచా మధ్యాహ్నానికే దాటిపోతుంది. ఎండుచేప బదులు పచ్చి చేపే తెస్తానని అమ్మ బేరం పెట్టింది. నాన్నగారు ఇంకా ఊ అనలేదు.