తొమ్మిదో పేరు

మొన్న అటక మీద బాబాయి ఎలక్షన్ పిటిషన్ కట్ట దొరికింది. మా పాలకొల్లు చెమ్మకి కాగితాలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. చివరి పేజీలో బాబాయి సంతకం మాత్రం కనిపిస్తోంది, బాగా వంకరగా.

ఆ వంకర రైలుది. బాబాయి అసెంబ్లీకి నిలబడి కొద్ది తేడాతో ఓడిపోయాడు. ఓట్లు మళ్లీ లెక్కపెట్టాలి, గెలిచినాయన ఎన్నిక రద్దు చేసి తానే గెలిచినట్టు ప్రకటించాలి అని పిటిషన్. అప్పట్లో హైకోర్టు హైదరాబాదులో ఉండేది. 45 రోజుల్లో వెయ్యాలి, ఒక్కరోజు దాటినా ఆలస్యం మన్నించమని అడగడానికి వీల్లేదు. మేం 43వ రోజు రాత్రి నర్సాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ప్రతివాదులు ఎంతమందో అన్ని కాపీలివ్వాలి, ప్రతిదాని మీదా ఇది సరైన నకలేనని పిటిషనర్ స్వయంగా సంతకం పెట్టాలి. బాబాయి పిన్ని కట్టిచ్చిన పులిహోర తిని అదే చేత్తో పెన్ను అందుకోబోతే, "చెయ్యి కడుక్కుని రా బాబాయ్" అని నేనే కసిరాను. 2,000 రూపాయల డిపాజిట్ కూడా సరిచూసుకున్నాం. అన్నీ సరిగ్గా ఉన్నాయనే నిద్రపోయాం.

ఎనిమిది కాపీలు. బాబాయి కాకుండా పోటీ చేసినవాళ్లు తొమ్మిది మంది.

ఆ తొమ్మిదో ఆయన ఇండిపెండెంటు. నామినేషన్ల ఉపసంహరణ గడువు అయిపోయాక ఓ మీటింగులో దండ వేయించుకుని, పోటీ నుంచి తప్పుకుంటున్నానని మైకులో చెప్పాడు. "వాడెప్పుడో దుకాణం కట్టేశాడు గదరా" అని బాబాయి అతని పేరు రాయించలేదు. కానీ మైకులో చెప్పినంత మాత్రాన పోటీలోంచి పోయినట్టు కాదు. బ్యాలెట్ మీద అతని పేరూ గుర్తూ ఉన్నాయి, కొన్ని ఓట్లూ పడ్డాయి. ఎన్నిక రద్దు ఒక్కటే అడిగి ఉంటే గెలిచినాయన్ని చేరిస్తే సరిపోయేది. తానే గెలిచినట్టు ప్రకటించమన్నాడు కాబట్టి పోటీలో ఉన్న అందర్నీ చేర్చాలి. ప్రజాప్రాతినిధ్య చట్టం, 82వ సెక్షన్.

అవతలి లాయరు కౌంటింగ్ జోలికే రాలేదు. మొదటి అభ్యంతరమే ఇది. ఇప్పుడు చేరుస్తామంటే 45 రోజులు దాటిపోయాయి. గడువూ కాపీల గురించిన 81, ప్రతివాదుల గురించిన 82, డిపాజిట్ గురించిన 117 సెక్షన్లలో ఏది తప్పినా పిటిషన్ కొట్టెయ్యాల్సిందేనని 86వ సెక్షన్ చెబుతుంది. ఈ లోపాన్ని తర్వాత సరిదిద్దుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 1968లోనే మోహన్ రాజ్ కేసులో తేల్చింది. ఒక్క ఓటూ లెక్కపెట్టకుండానే మా కేసు అయిపోయింది.

ఇప్పుడు నేనూ నల్లకోటు వేసుకుని నరసాపురం కోర్టుకి వెళ్తున్నాను. అఫిడవిట్‌లో లోపముంటే దిద్దుకోవచ్చని 2013లో సిద్ధేశ్వర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది, ఎందుకంటే అఫిడవిట్ సంగతి చెప్పే 83వ సెక్షన్ ఆ 86 జాబితాలో లేదు. మరి ఈ పేరు విషయంలో అంత పట్టుదల ఎందుకు? బాబాయిని గెలిపించమని అడిగితే, ఆయన గెలుపూ చెల్లదని వాదించే హక్కు మిగతావాళ్లకి 97వ సెక్షన్ ఇస్తుంది. కేసులో లేనివాడు ఎలా వాదిస్తాడు? నాకిది న్యాయంగానే అనిపిస్తుంది. బాబాయి దగ్గర మాత్రం ఈ మాట ఎప్పుడూ అనలేదు.

కొన్నాళ్లకి ఆ తొమ్మిదో ఆయన పాలకొల్లు సంతలో ఎదురుపడ్డాడు. బాబాయి చెయ్యి పట్టుకుని, "ఆయ్, నాకు నోటీసు వచ్చినా నేను కోర్టుకి వచ్చేవాణ్ణి కాదండీ" అన్నాడు. బాబాయి కొబ్బరికాయల బేరం ఆపలేదు.