రిహ్లూ కోసం మొదలైన తగవు

నేటి హిమాచల్ ప్రదేశ్‌లోని కాంగ్రా రాజ్యంలో గీసిన చిత్రాల్లో లేత పచ్చని కొండల మధ్య నిలిచిన రాధాకృష్ణులను చూసినప్పుడల్లా, ఆ చిత్రకారులను పోషించిన రాజా సంసార్ చంద్ చేసిన యుద్ధాలు గుర్తుకొచ్చి నాకు మనసు కలుక్కుమంటుంది.

మొగలుల చేతిలో ఒకటిన్నర శతాబ్దానికి పైగా ఉన్న కాంగ్రా కోట 1786లో సంసార్ చంద్‌కు దక్కింది. అది తన పూర్వీకుల కోట కాబట్టి అంతటితో తృప్తిపడి ఉంటే సరిపోయేది. కానీ కోటతో పాటు మొగలుల హక్కులన్నీ తనకే సంక్రమించాయని వాదించి, ఒకప్పుడు వారు పొరుగు రాజ్యమైన చంబా నుంచి తీసుకున్న రిహ్లూ ప్రాంతాన్ని తిరిగి ఇమ్మని అడిగాడు. చంబా రాజు రాజ్ సింగ్ ససేమిరా అని, 1794లో నేర్తి దగ్గర పోరాడి ప్రాణం విడిచాడు. తల పగిలిన ఆ రాజు నెత్తురు తుడుచుకుని ఒక బండను ఆసరా పట్టుకున్నాడనీ, ఆ చేతి గుర్తు రాతిపై మిగిలిపోయిందనీ అక్కడివారు చెప్పుకునేవారు.

అంతకు రెండేళ్ల ముందే సంసార్ చంద్ మండీ రాజ్యాన్ని కొల్లగొట్టి, ఇంకా బాలుడైన దాని రాజు ఈశ్వరీ సేన్‌ను కాంగ్రా రాజ్యంలోని నాదౌన్‌లో సుమారు 12 ఏళ్లు బందీగా ఉంచాడు. ఒక పిల్లవాడి బాల్యమంతా చెరలో గడిచిందన్న ఆ ఒక్క సంగతి చాలు, నేను సంసార్ చంద్‌ను క్షమించలేకపోవడానికి. ఆ తర్వాత సట్లెజ్ నది కుడిగట్టున ఉన్న కహ్లూర్ (నేటి బిలాస్‌పూర్) రాజ్యపు భూములనూ ఆక్రమించాడు.

కహ్లూర్ రాజు మహాన్ చంద్, మిగతా కొండ రాజుల మద్దతుతో, అప్పటికే గఢ్వాల్‌ను గెలిచిన నేపాల్ గూర్ఖాలను పిలిపించాడు. వారి సేనాని అమర్ సింగ్ థాపా సేన 1806లో మహల్ మోరియాఁ దగ్గర సంసార్ చంద్‌ను ఓడించి, కాంగ్రా కోటను ముట్టడించి ఏళ్ల తరబడి అక్కడే తిష్ఠ వేసింది. రాజులు రాజులు కొట్టుకుంటే నలిగింది రైతులే: జనం ఊళ్లు వదిలి పారిపోగా పొలాలు బీడుపడ్డాయనీ, నాదౌన్ వీధుల్లో గడ్డి మొలిచి ఆడపులులు పిల్లలు పెట్టాయనీ తర్వాతి బ్రిటిష్ రికార్డుల్లో ఉంది.

దిక్కుతోచక సంసార్ చంద్ లాహోర్‌ను ఏలే సిక్కు మహారాజు రంజిత్ సింగ్‌ను ఆశ్రయించాడు. 1809లో గూర్ఖాలు సట్లెజ్ అవతలికి వెళ్లిపోయారు గానీ, సాయానికి ప్రతిఫలంగా కాంగ్రా కోట, దాని పోషణకు కేటాయించిన 66 గ్రామాలు సిక్కుల పరమయ్యాయి. గూర్ఖాలను పిలిచిన రాజూ, పిలవక తప్పని స్థితికి తెచ్చిన రాజూ లాహోర్‌కు కప్పం కట్టారు. రాజ్ సింగ్ ప్రాణాలిచ్చి నిలబెట్టాలనుకున్న రిహ్లూను 1821లో చంబా రంజిత్ సింగ్‌కే వదులుకుంది.